మామ గుండెను ఎండబెట్టిన వైనం

బడిని నేను ఏడో తరగతిలో విడిచిపెట్టాను. మా సారు మాత్రం బడే నన్ను వదిలించుకుని బతికిపోయిందనేవాడు. అంత చదువు ఒంటబట్టిన నేను, ఎనభైల్లో ఒక ఎండాకాలం, పిల్లనిచ్చిన మామ గుండెను మరమ్మతు చేయబోయాను. కంగారు పడకండి, మామ బతికాడు. పోయింది నా పరువే. దానికి దినం కూడా ఎవరూ పెట్టలేదు.

అప్పట్లో హన్మకొండలో నాకో రేడియో రిపేరు దుకాణం ఉండేది. మామ యాకయ్యది నెక్కొండ పక్క పల్లె, మూడెకరాల చెలక. కొడుకుల్లేరు. ఆయన నాగలి పడితేనే పంట, లేకుంటే ఆ ఏడు భూమి పడావే. అలాంటి మనిషి ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతుంటే, హైదరాబాద్ తీసుకుపోయి మెడ ఎముక కింద పేస్‌మేకర్ అనే చిన్న డబ్బ పెట్టించాం. "రోజూ జర నడువు. వానల యాళ్లకు దున్నొచ్చు" అని అక్కడి డాక్టర్లు పంపించారు.

ఇంటికొచ్చిన రోజే మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అల్లుడా, నువ్వు రేడియోలు ఇప్పేటోనివి. ఈ డబ్బల ఏముంటది?"

తెలియదంటే సరిపోయేది. కానీ అత్తగారింట్లో ఏ అల్లుడైనా తెలియదన్నాడా, మీరే చెప్పండి.

"బ్యాటరీ మామా. రేడియో లెక్కనే. ఎంత తక్కువ వాడితే అన్ని దినాలొస్తది."

"అయిపోతే?"

"అయిపోతే రేడియో ఏమైతది?"

మామ ముఖం వార్తల మధ్యలో కరెంటు పోయినట్టయింది. ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టారట. నేను ఆరేళ్లు రేడియోలు విప్పి మంచంలో ఉన్న మామను కొట్టాను.

మర్నాటి నుంచి పొదుపు మొదలైంది. మామ మంచం దిగడు. ఈగ వాలితే తోలడు, అత్తను పిలుస్తాడు.

"నవ్వితే గూడ బ్యాటరీ గుంజుతదా అల్లుడా?"

"నవ్వితే డబులు మామా."

అంతే, నవ్వు కూడా బంద్. మూడు వారాలకు కాళ్లు వాచాయి, ముఖం పాలిపోయింది.

"అల్లుడా, బ్యాటరీ దిగిపోతాంది" అన్నాడు నీరసంగా.

ఆ రోజుల్లో టార్చిలైటు మసకబారితే మనమంతా ఏం చేసేవాళ్లం? సెల్లు తీసి గోడ మీద ఎండలో పెట్టేవాళ్లం. ఇంకో రెండు రాత్రులు వెలిగేది. మామలోంచి డబ్బ తీయలేం కాబట్టి, మామనే పెట్టాలని తేల్చాను. మే నెల ఓరుగల్లు ఎండండీ అది. తారు చెప్పుకంటుకుని ఇంటిదాకా తోడొచ్చే ఎండ.

"అంగి ఇప్పి వాకిట్ల పండు మామా, పొద్దు నడినెత్తికొచ్చే దాకా."

"నడుమ తిరగెయ్యాల్నా?" అన్నాడు మామ, తనేదో వడియమైనట్టు.

"వద్దు. డబ్బ ముంగటి పక్కనే ఉంది గద."

మూడో రోజు మామ సోయి తప్పాడు. అత్త ఆయన మీద బిందెడు నీళ్లు గుమ్మరించి, ఖాళీ బిందెతో నా వైపు తిరిగింది. తర్వాతి ముచ్చట రాయను. మామకు తెలివొచ్చాక ముగ్గురం వరంగల్ దవాఖానకు బస్సెక్కాం.

డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఎండల ఎవరు పండబెట్టిన్రు?" అంది.

అత్త చూపుడువేలు నా ముక్కు ముందే ఆగింది.

డాక్టరమ్మ తిట్టలేదు. అదే ఇంకా బాధ. మెల్లగా చెప్పింది.

"సూడన్నా, పాటకున్నట్టే గుండెకు సొంత తాళం ఉంటది. తల్లి కడుపుల పిండం నువ్వుగింజంత ఉన్నప్పుడే, మెదడు నుంచి నరం రాకముందే, గుండె కణాలు వాటంతటవే కొట్టుకుంటయి. మొదట్ల అన్నిటికీ ఆ విద్య వచ్చు. పెరిగినంక చానా కణాలు నెత్తురు తోసే పనిల పడతయి. పైన ఒక మూలకు ఉన్న కొన్ని మాత్రం మునుపటి లెక్కనే ఉండి తాళం ఏస్తయి. మిగిలినయన్నీ దానికే ఆడతయి."

అంటే ఎదగకుండా ఆగిపోయినవే అందరినీ ఆడిస్తాయన్నమాట. ఏడో తరగతి వాణ్ణి, నాకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే పోయింది.

"మీ మామకు ఆ కణాలు మందగించినయి, సావలేదు. డబ్బ కావలి కాస్తది. గుండె కొట్టుకుంటే సప్పుడు చెయ్యది, ఆలస్యమైతేనే ఒక తోపు తోస్తది."

"మరి పండుకుంటే మేడం?"

"పండుకుంటే గుండె నెమ్మదైతది, డబ్బకు పని ఎక్కువ. నడిస్తే సొంత కణాలే ఉరుకుతయి, డబ్బ కూసుంటది. ఇగ ఎండకు ఆ బ్యాటరీ నిండది. ఒంట్ల నీళ్లే పోతయి."

అంటే మూడు వారాలుగా నేను పొదుపు పేరుతో దుబారా చేయించాను. మామ లేచి, అంగీ గుండీలు పెట్టుకుని, బస్టాండు దాకా నడిచాడు. రిక్షా పిలిస్తే వినలేదు. వెనక మేం ఉరికాం.

ఆ రాత్రే విప్పిన రేడియో మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను: ఇకమీదట స్క్రూలు లేని వస్తువును ముట్టను, అది మామ అయితే అసలే ముట్టను.

తొలకరి పడింది. మామ నాగలి పట్టాడని తెలిసి, జొన్నరొట్టెలు పట్టుకుని చెలకకు పోయాను. ఆయన చాలు చివర ఆగి చెమట తుడుచుకున్నాడు.

"మామా, నా మీద కోపం లేదు గద?"

"కోపమెందుకు అల్లుడా. గా డబ్బను సూసి జర నేర్సుకో. అక్కెర పడితేనే నోరిప్పుతది. అందుకే దాన్ని గుండెకాడ పెట్టుకున్న, నిన్ను గడపకాడ ఉంచిన."