మౌనవ్రతం రోజున పోయిన మాట

ఆ గురువారం ఉదయం కాఫీ గ్లాసు నా కుడిచేతిలోంచి జారిపోయింది. నా డైరీలో ఆ రోజు పేజీ మీద ఒక అడ్డగీత తప్ప ఏమీ లేదు. అందుకని కొంత నాకు గుర్తున్నదీ, ఎక్కువ భాగం నా భార్య సుభద్ర చెప్పగా విన్నదీ కలిపి రాస్తున్నాను. ఆషాఢమాసం, ముసురు పట్టి ఉంది. తణుకులో మా ఇంటి వెనక వరండాలో కూర్చున్నాను. గ్లాసు పట్టుకున్నాననే అనుకున్నాను. చెయ్యి పట్టుకోలేదు.

"స్టీలు గ్లాసు కాబట్టి సరిపోయింది. చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నారేంటి, తిమ్మిరెక్కిందా?" అంది సుభద్ర.

నేను జవాబు చెప్పలేదు. గురువారం నేను మాట్లాడను.

ఆ సంగతి ముందు చెప్పాలి. నేను ముప్ఫై ఏళ్ళు మున్సిఫ్ కోర్టులో పనిచేసి, బెంచి క్లర్కుగా రిటైరయ్యాను. బోనెక్కిన సాక్షి చేత ప్రమాణం చేయించడం నా పని. "దేవుని ఎదుట ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను" అని నేను అంటే, నా వెనకే వాళ్ళు అనేవారు. చాలామంది అరనిమిషంలో అబద్ధం మొదలుపెట్టేవారు. వాళ్ళని ఆక్షేపించడానికి రాయడం లేదు. ఇంటికి వచ్చాక నేనూ అంతే. పేకాటకి వెళ్ళి లైబ్రరీకి వెళ్ళానని చెప్పిన రోజులు నా డైరీలోనే ఉన్నాయి.

రిటైరైన ఏడాది ఒక ఉదయం స్నానం చేస్తుండగా, ఇంక అబద్ధం ఆడకు అని లోపల ఎవరో అన్నట్టయింది. ఎవరూ ఉపదేశించలేదు. వారానికి ఒక్కరోజుతో మొదలుపెడదామనీ, నోరు మూసుకుంటే అబద్ధం రాదనీ గురువారం మౌనం పట్టాను. పొద్దు పొడిచినప్పటి నుంచి సాయంత్రం దీపం పెట్టేదాకా మాట ఉండదు. పలక మీద రాయను. సైగ కూడా మాటేనని, సైగా చెయ్యను. దీపం వెలిగించి సుభద్ర వచ్చి, "దీపం పెట్టానండీ, ఇంక మాట్లాడండి" అన్నాక విడిచేవాణ్ణి.

మౌనం నాది గానీ గురువారం ఆవిడది. "వారానికి ఒక్కరోజండి నేను చెప్పింది మీరు పూర్తిగా వినేది" అని, ఆరు రోజుల ఫిర్యాదులూ ఆ రోజుకి దాచుకునేది.

ఆ రోజూ చెబుతూనే ఉంది. మధ్యాహ్నం పప్పన్నం కలుపుతుంటే మెతుకులు విస్తరి బయట పడ్డాయి. నోటి కుడి పక్క నుంచి మజ్జిగ కారింది. "అబ్బో, ఇవాళ మౌనం చేతిదాకా వచ్చిందే!" అని నవ్వి తుడిచింది. నేనూ లోపల నవ్వుకున్నాను. తల బరువుగా ఉంది. ముసురుకి అనుకుని పడుకున్నాను. మాట పోయిందన్న అనుమానమే నాకు రాలేదు. మాట్లాడబోతే కదా తెలిసేది!

సాయంత్రం ఆవిడ దీపం పెట్టి వచ్చింది. "ఇంక మాట్లాడండి" అంది. నేను నోరు తెరిచాను. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది.

"ఆటలొద్దండీ."

మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే చప్పుడు. ఆవిడ నా ముఖం దీపం వైపు తిప్పి చూసి, పక్కింటి వాళ్ళని కేకేసింది. నేను డైరీ లాక్కుని రాయబోయాను. కలం కాగితం మీద అడ్డంగా జారిపోయింది.

మా ఊరి డాక్టరు గారు బి.పి. చూసి, "రెండు వందలు దాటింది. రాజమండ్రి తీసుకెళ్ళిపోండి, ఆలస్యం చెయ్యకండి" అన్నారు. పక్కింటి వాళ్ళ అంబాసిడరులో కొవ్వూరు మీదుగా వంతెన దాటి తీసుకెళ్ళారు. అక్కడి నర్సింగ్ హోంలో నన్ను చూసిన డాక్టరు గారికి నలభై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తులు. ఆయనకీ సుభద్రకీ జరిగిన సంభాషణ నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మాట పోయినా వినికిడీ గ్రహింపూ పోలేదు.

"ఎప్పటినుంచమ్మా మాట లేదు?"

"పొద్దున్నుంచీ మాట్లాడలేదండి."

"పొద్దున్నుంచీనా? మరి ఇప్పుడా తీసుకురావడం?"

"ఇవాళ గురువారమండి."

"గురువారమైతే?"

ఆవిడ చెప్పింది. "అయితే స్ట్రోక్ ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదన్నమాట. పొద్దున్నే తీసుకొచ్చుంటే బి.పి. అప్పుడే దించేవాళ్ళం. సరే, జరిగింది జరిగింది" అన్నారు. సుభద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ తప్పేమీ లేదని చెప్పాలనుకున్నాను. చెప్పడానికి మాట లేదు. సైగ చేద్దామంటే కుడిచెయ్యి లేవలేదు, ఎడమచేతికి బి.పి. పట్టీ కట్టి ఉంది.

ఇ.సి.జి. తీశారు. షుగర్ పరీక్ష చేశారు. తలలో రక్తం చిట్లిందేమో చూడటానికి వెన్నులోంచి నీరు తీశారు. తలలోపల చూసే స్కాన్ కావాలంటే అప్పట్లో మద్రాసు వెళ్ళాలి. "కదపొద్దు. బ్లీడింగ్ లేదు, క్లాట్ అయి ఉంటుంది. మెదడులో ఎడమపక్క మాట పుట్టే చోటు దెబ్బతింది. దీన్ని అఫేసియా అంటాం. వస్తుంది, రాదు అని ఇప్పుడే చెప్పలేను" అన్నారు డాక్టరు గారు.

మాట లేని ఆ పది రోజులూ నాలో ఎలా ఉందో రాయాలి, ఈ జబ్బు వచ్చిన వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఉపయోగపడవచ్చు. మంచం పక్కన మంచినీళ్ళ మరచెంబు ఉండేది. అది దేనికో తెలుసు. దాని పేరు ఉన్న చోట ఖాళీ. మౌనం పట్టిన గురువారాల్లో నోరు మూసుకున్నా లోపల నేను పాత కేసులు వాదిస్తూనే ఉండేవాణ్ణి. ఇప్పుడు వాదించేవాడు కూడా లేడు. భయం వేసింది. ఆ భయాన్ని చూస్తూ నాలో ఒకరు నెమ్మదిగా కూర్చుని ఉన్నారు. స్నానాల గదిలో నాకు ఆ మాట చెప్పింది వారేనని అనిపించింది. దీనికి పేరు పెట్టలేను. ఉన్నది ఉన్నట్టు రాశాను.

పదకొండో రోజు ఉదయం డాక్టరు గారు రౌండ్సుకి వచ్చి, "ఏం పని చేసేవారండీ వీరు?" అని అడిగారు. సుభద్ర చెప్పింది. "ఏదీ, ఆ ప్రమాణం మీరు మొదలుపెట్టండమ్మా" అన్నారు ఆయన. ఆవిడకి కొంచెమే వచ్చు. "దేవుని ఎదుట..." అంది.

నా నోటి వెంట, "ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను" అని మొత్తం వచ్చేసింది.

నర్సు చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సుభద్ర ఏడుస్తూ, "మరి చెప్పండి, ఆ లైబ్రరీ రోజుల్లో ఎక్కడికెళ్ళేవారు?" అంది. నాకు 'పేకాట' అన్న మాట రాలేదు. నవ్వు మాత్రం వచ్చింది, సగం ముఖంతో.

"అలవాటైన మాటలు వేరే దారిన వస్తాయి. సంతోషం. కానీ ఇది వచ్చిందని మిగతావి వచ్చేసినట్టు కాదు" అన్నారు డాక్టరు గారు. "రోజంతా మాట్లాడించండమ్మా. తప్పొచ్చినా సరే మాట్లాడాలి. సైలెంటుగా మాత్రం ఉండనివ్వకండి."

ఆ మాటతో మా ఇంట్లో మౌనవ్రతానికి తెర పడింది. చూడ్డానికి వచ్చిన మా బావమరిది ఇంకో మాట కూడా అన్నాడు. అతనికి పాలకొల్లులో బట్టల కొట్టు ఉంది. మనిషి మంచివాడు, నర్సింగ్ హోంలో మాకు వారం రోజులు క్యారేజీ తెచ్చాడు. "గురువు లేకుండా ఇలాంటివి పెట్టుకుంటే నడిపే సరంగు లేని లాంచీ ఎక్కినట్టే బావగారూ. మా స్వామివారి దగ్గర ఉపదేశం తీసుకోండి. అక్కయ్యా, ఈయన చేత ఒట్టేయించు, ఇంక ఆ మౌనం పట్టనని."

సుభద్ర చెయ్యి చాపింది. నేను ఎడమచెయ్యి అందులో వేశాను. ఉపదేశానికి మాత్రం తల అడ్డంగా ఊపాను.

ఇంటికి వచ్చాక నాలుగు నెలలు ఆవిడే నా టీచరు. కూరలు తరుగుతూ ఒక్కొక్కటీ చూపించి పేరు చెప్పమనేది. నా డైరీ కూడా ఆవిడే రాసింది. ఆ పేజీలు ఇప్పుడు చదివితే నా పేజీలకన్నా బాగున్నాయి. "ఆదివారం. ఇవాళ స్పష్టంగా పాలు అన్నారు. చూపించింది దువ్వెన. దువ్వెనే ఇచ్చాను." "బుధవారం. ఫిజియోథెరపీ చేయించాను. చెయ్యి భుజం దాకా లేచింది. బొబ్బట్టు అందుకోవడానికి ఇంకా పైకి లేచింది." ఆమెకి బాధ కలిగిన రోజుల్లో ఒక్క ముక్కే ఉండేది: "మాత్రలు వేశాను."

కార్తీకం వచ్చేసరికి చిన్న చిన్న వాక్యాలు వస్తున్నాయి. అప్పుడు నేను ఒక తప్పు చేశాను. లోపల ఉన్నవారి దగ్గరికి వెళ్ళే దారి నాకు ఆ ఒక్కరోజే, దాన్ని ఒట్టు పేరుతో మూసేశానన్న వెలితి నన్ను తినేస్తోంది. ఒక గురువారం ఎవరికీ చెప్పకుండా మౌనం పట్టాను.

"కాఫీ పెట్టమంటారా?" అంది సుభద్ర. నేను పలకలేదు. "ఏమండీ?" అంది. పలకలేదు. ఆవిడ ఎదురుగా వచ్చి నా ముఖం పట్టుకుంది. అప్పుడైనా చెప్పవచ్చు. పంతం. ఆవిడ చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తి రిక్షా కోసం కేకలు పెడుతుంటే, గుమ్మం దాకా వెళ్ళి, "బా...గానే ఉన్నా" అన్నాను.

ఆవిడ వీధిమెట్టు మీద కూలబడింది. చాలాసేపు లేవలేదు.

"దేవుడు మీ లోపల ఉన్నాడంటారు. ఉండనీండి. నేను బయటున్నానండి. నాకెలా తెలుస్తుంది?" అంది.

ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వేళకి మాత్రలూ, భోజనమూ వచ్చేవి. ఎదుటి మనిషి మౌనం గోడ ఇవతల నుంచి ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అబద్ధం ఆడకూడదని పట్టిన మౌనంతోనే ఆవిడకి అబద్ధం చెప్పాను. ఆ రెండు రోజుల్లో నాకు ఒకటి తేలింది. లోపలి నుంచి వచ్చిన మాట 'అబద్ధం ఆడకు' అన్నంతవరకే. గురువారం, దీపం, సైగ చెయ్యకూడదు, పలక ముట్టకూడదు, ఇవన్నీ నేను కట్టుకున్నవి. నా పంతాన్ని కూడా లోపలివారి మాటే అనుకున్నాను.

మూడో రోజు ఆవిడ ఎదుట కూర్చుని, "తప్పు... నాది" అన్నాను. పావుగంట పట్టింది మిగతాది చెప్పడానికి. మౌనం కావాలి, ఆవిడ ఒప్పుకుంటేనే, ఆవిడకి భయం లేకుండా, అని. ఆవిడ అంతా విని, "డాక్టరు గారిని అడుగుదాం పదండి" అంది.

రాజమండ్రి డాక్టరు గారు నన్నే చెప్పమన్నారు. తడుముకుంటూ చెప్పాను. ఆయన వాచీ చూసుకోలేదు. "ఇంకో ఆరు నెలలు మాటల ప్రాక్టీసు మానకండి. ఆ తర్వాత మీ సైలెన్సు మీ ఇష్టం. ఒక షరతు. ఆ రోజు మూడుసార్లు అమ్మగారు వచ్చి అడుగుతారు. నవ్వాలి, రెండు చేతులూ ఎత్తాలి, ఒక మాట పలకాలి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెంటనే బండి ఎక్కాలి. బి.పి. మాత్ర ఒక్కపూట కూడా ఆపకూడదు" అన్నారు.

"ఏ మాటండీ?" అంది సుభద్ర.

"మీ పేరు చెప్పమనండి."

ఆవిడ సిగ్గుపడిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నేను ఆవిడని 'ఇదిగో' అని తప్ప పిలవలేదు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. కుడిచేత్తో రాయగలను, అక్షరం మునుపటంత గుండ్రంగా లేదు. పేర్లు ఇంకా తప్పిపోతుంటాయి, ముఖ్యంగా అలసిపోయిన రోజున. మా బావమరిది వచ్చినప్పుడల్లా, "మధ్యమధ్యలో మాట్లాడే మౌనం ఎక్కడైనా ఉందా బావగారూ! ఏ శాస్త్రంలో ఉంది?" అని ఆటపట్టిస్తాడు. ఏ శాస్త్రంలోనూ లేదు. అతని స్వామివారి దారి అతనికి మంచిది, అక్కడికి వెళ్ళొచ్చిన రోజున అతని ముఖం చూస్తే తెలుస్తుంది. నాకు మాత్రం ఇదే సరిపోయింది. ఇప్పుడు గురువారాల్లో లోపల పాత కేసులు కూడా తగ్గాయి.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. ఉపవాసం గానీ మౌనం గానీ మీకు నచ్చిన నియమం ఏదైనా పట్టండి. ఆ రోజు మిమ్మల్ని నవ్వమని, చేతులెత్తమని, ఒక మాట పలకమని అడిగే బాధ్యత మాత్రం ఇంట్లో ఒకరికి ముందే అప్పగించండి. అడిగినప్పుడు నియమం పక్కన పెట్టి జవాబు చెప్పండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా సాయంత్రం దాకా ఆగకండి.

మా ఇంట్లో కాఫీ తర్వాత ఒకసారి, భోజనం అయ్యాక ఒకసారి, నాలుగింటికి ఒకసారి ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడుతుంది. నేను నవ్వి, చేతులెత్తి, "సుభద్ర" అంటాను. ఆవిడ నా ముఖం రెండు పక్కలా చూసుకుని, "సరే, ఇంక ఊరుకోండి" అని లోపలికి వెళ్తుంది.