మద్రాసులో ఆగని వెలుగు

విజయవాడ స్టేషన్ వెయిటింగ్ రూంలో ఒకాయన చెక్కపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అందులో కాలేజీ ల్యాబు లేజర్ ఉందట. అప్పట్లో ఆ మాటే కొత్త. ఉన్నట్టుండి దాని వెలుగు ఆగిపోతుందట.

"వైర్లు మార్చానండీ. కుంకుమ లోపలికి పోతోందేమోనని దసరాకి దీనికి బొట్టు పెట్టడం కూడా మానేశాం. మద్రాసులో కంపెనీవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా వెలుగుతుంది. వాళ్లు నాకే రిపేరు కావాలన్నట్టు చూస్తారు."

"మరి ఈసారి?" అన్నాను.

"వాళ్ల ముందు ఆగాలని దుర్గమ్మకి మొక్కానండీ," అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. నా భార్య ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయేది. డాక్టరు ముందు ఒక్కసారీ పడలేదు. ఆయన జబ్బేమీ లేదన్నాడు. చివరికి అలాగే పోయింది.

రైలొచ్చింది. పెట్టెకు నేనూ ఒక చెయ్యి వేశాను.

"మెల్లగా అండీ, కుదుపు తగలకూడదు," అన్నాడాయన.

ఆమె డాక్టరు ముందు పడితే బాగుండునని మొక్కుకుంటూనే, ఆసుపత్రికి తీసుకెళ్లే రిక్షావాడితో నేనూ ఆ మాటే అనేవాణ్ణి.