బొంబాయి దారిలో అడ్డుతెర

సోలాపూర్ సాఖర్ పేటలో అతన్ని విప్పుడు సిద్ధరాములు అనేవారు. నేసిన దానికన్నా విప్పింది ఎక్కువని ఆ పేరు. మూరెడు నేస్తాడు. వెనక్కి వాలి చూస్తాడు. ఎక్కడో ఒక పోగు తప్పినట్టు కనిపిస్తుంది. ఇక అక్కడిదాకా కూర్చుని విప్పుతాడు. ఆ తప్పు ఇంకెవరికీ కనిపించేది కాదు. చూపిస్తే కూడా కనిపించేది కాదు.

కార్ఖానా మాలక్ మంచివాడు. ఎవరికీ తొందర లేని చీరలు ఏరి అతనికి ఇచ్చేవాడు.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం సిద్ధరాములు చెప్పిన వేళకు బట్ట ముగించేవాడు. శ్రావణ పున్నమికి మార్కండేయుడి ఊరేగింపులో ఒక ఎడ్లబండి మీద చిన్న మగ్గం కట్టేవారు. గుడి దగ్గర బయలుదేరిన బండి మళ్ళీ గుడి చేరేలోగా ఆ మగ్గం మీద దేవుడి కండువా పూర్తి కావాలి. పన్నెండేళ్ళుగా దాని ముందు కూర్చున్నది అతనే. బండి ముందుకు పోతుంటే వెనక్కి విప్పడానికి చేతులు రావు. పైగా ఊరంతా చూస్తుంటుంది. ఆ రోజు అతని చేయి నీళ్ళలా నడిచేది. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

పందొమ్మిది వందల యాభై నాలుగో సంవత్సరం వైశాఖంలో అతని మేనకోడలు యమున పెండ్లి కుదిరింది. పెండ్లి బొంబాయిలో. చెల్లెలు చంద్రభాగ వర్లి చాళ్ళలో, మిల్లు కూలీల ఒంటిగది ఇళ్ళ వరసల్లో, ఉండేది. ఆమె భర్త రామచంద్రం అక్కడ మిల్లులో పనిచేసేవాడు. ముహూర్తానికి పిల్లకూ పిల్లగాడికీ మధ్య పట్టే అడ్డుతెరను మేనమామ తన చేత్తో నేసి తేవడం వాళ్ళ ఇంటి ఆచారం.

చంద్రభాగ పెండ్లినాటికి మేనమామ లేడు. అన్న తానే నేస్తానన్నాడు. నేశాడు, విప్పాడు, నేశాడు, విప్పాడు. ముహూర్తం వచ్చేసరికి మగ్గం మీద జానెడు బట్ట ఉంది. చేసేది లేక ఎవరో ఒక దుప్పటి తెచ్చి అడ్డం పట్టారు. అప్పటి నుంచి పందొమ్మిదేళ్ళుగా ఆ దుప్పటి చంద్రభాగ నోట్లోనే ఉంది. ఇప్పుడు ఆమె రాయించి పంపిన ఉత్తరంలోనూ ఉంది.

"అన్నా, నా పెండ్లిల దుప్పటి మీది పూలు చూసుకుంట కూసున్న. నా బిడ్డకు ఆ గతి రావొద్దు. నువ్వు రాకున్నా ఏమనుకోను, తెర రావాలె. దుప్పటి తెచ్చినవంటే గడప తొక్కనియ్య."

ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. పెండ్లికి ఇంకా నాలుగు రోజులుంది. నాలుగు మూరలు కావలసిన తెర మగ్గం మీద మూరన్నర ఉంది. ఎర్రంచు పసుపు బట్ట. నిజానికి అంతకు ముందువారం అది మూడు మూరలుండేది.

భార్య గంగుబాయి గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. చేతిలో కట్టకు దారం బిగించి, అతని వైపు చూడకుండానే అన్నది.

"బండి మీదైతే నేస్తవు గద."

"ఏం బండి?"

"ఏదో బండి. మన పెంటప్ప లారీ బొంబాయి పోతలేదా? దానిమీద ఎక్కిస్త నిన్ను. దేవుని మగ్గంతోటి సహా."

సిద్ధరాములు నవ్వాడు. ఆమె నవ్వలేదు. అప్పుడు అతనికి భయం వేసింది.

పెంటప్ప పక్కింటి పిల్లగాడు, దుప్పట్ల బేళ్ళు బొంబాయి చేరవేసే లారీ నడుపుతాడు. సిద్ధరాములును మామా అంటాడు. బేళ్ళు ముందుకు జరిపి వెనక మగ్గం పట్టేంత చోటు చేశాడు. గుడి పెద్ద కిష్టయ్య కూడా మగ్గం ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట అన్నాడు.

"శ్రావణానికి తిరిగి రావాలె మగ్గం. వైశాఖంల పోతున్నవు. వస్తవు తియ్యి, నీ జోరుకు సరిపోతది."

పడుగును చిన్న మగ్గానికి ఎక్కించారు. గంగుబాయి బుట్టెడు నూలు కండెలు చుట్టి పెట్టుకుంది. ముహూర్తం మంగళవారం పగలు పన్నెండు గంటల పదిహేడు నిమిషాలకు. సోమవారం తెల్లారి లారీ కదిలింది.

ఎడ్లబండి వేరు, లారీ వేరు. ఈ సంగతి ఊరు దాటిన అర్ధగంటకు తెలిసింది. గుంత వచ్చినప్పుడల్లా మగ్గం ఎగిరేది, సిద్ధరాములు ఎగిరేవాడు, పేక పోగు నడిపే నాడె గంగుబాయి ఒళ్ళో పడేది. పోగులు తెగేవి. పుణె చేరేదాకా అతను చేసింది తెగిన పోగులు అతుక్కోవడమే. యాభై దాకా లెక్కపెట్టి వదిలేశాడు. అతుకులు నచ్చక రెండువేళ్ళంత విప్పాడు కూడా. పుణెలో దిగి పెంటప్ప వెనక్కి వచ్చి చూశాడు.

"ఎంతైంది మామా?"

"మూరన్నర."

"పొద్దుగాల గూడ మూరన్నరే గద?"

"పొద్దుగాల మూరన్నర కన్న జరంత ఎక్కువుండె," అంది గంగుబాయి.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఖండాలా ఘాట్ దిగేటప్పుడు నేయడం మాట దేవుడెరుగు, మగ్గం జారిపోకుండా ఇద్దరూ చెరోపక్క పట్టుకుని కూర్చున్నారు. సిద్ధరాములుకు చెల్లెలి గడప కళ్ళముందు ఆడింది. అది తొక్కుతున్నట్టు మాత్రం ఎంత ప్రయత్నించినా కనిపించలేదు.

పొద్దున ఎనిమిదింటికి బొంబాయి పొలిమేరలో, సైన్ దగ్గర లారీ ఆగింది.

ముందు లారీలు, వెనక లారీలు. పక్కన రెండంతస్తుల బస్సు. పత్తి బేళ్ళ తోపుడుబండ్లు, గుర్రపుబండ్లు, సైకిళ్ళు. అందరూ హారన్లు కొడుతున్నారు. ఎవరూ కదలడం లేదు. పెంటప్ప తల బయట పెట్టి ముందువాణ్ణి తిట్టాడు, ముందువాడు వాడి ముందువాణ్ణి తిట్టాడు. తిట్టు మాత్రం వరుసగా ముందుకు పోయింది.

సిద్ధరాములు చుట్టూ చూశాడు. లారీ కుదురుగా ఉంది. కాసేపటికి నాలుగడుగులు కదిలింది, మెల్లగా, ఎద్దులు లాగినట్టు. మళ్ళీ ఆగింది.

అతను కాళ్ళు కింది చెక్కల మీద పెట్టాడు. నాడె అందుకున్నాడు.

ఆ ఉదయం బొంబాయిలో దారి దొరకనందుకు సంతోషించినవాడు అతనొక్కడే. మగ్గం చప్పుడు హారన్ల మధ్య తన వరస తాను చూసుకుంది. బస్సు పైఅంతస్తులో మనుషులు కిటికీల్లోంచి వంగి చూశారు. అందరూ తనను చూస్తుంటే అతని చేయి నీళ్ళలా నడిచింది. గంగుబాయి కండె వెనక కండె అందించింది.

ఒక పోలీసు వచ్చి లారీ వెనక నిలబడ్డాడు. ఇదేమిటని మరాఠీలో అడిగాడు.

"లగ్నాచా పడదా, సాహెబ్," అన్నాడు పెంటప్ప. "బారా వాజతా లగ్న్."

ఇది పెండ్లి తెర, పన్నెండింటికే పెండ్లి అని విని పోలీసు తన గడియారం చూసుకున్నాడు. బట్ట వైపు చూశాడు. "తర్ మగ్ లౌకర్ విణా," అని, త్వరగా నేయమని చెయ్యి ఊపి వెళ్ళాడు.

తొమ్మిదిన్నరకు రెండు మూరలు దాటింది. దాదర్ దగ్గర ఒక ట్రాము ఆగిపోయింది, దాని వెనక ఏడు ట్రాములు ఆగాయి. మూడు మూరలైంది. అప్పుడప్పుడు దారి దొరికి లారీ ఉరికేది. అతను వెంటనే బేళ్ళ మీది నుంచి అరిచేవాడు.

"జర ఆపు, అల్లుడా."

"ఆపితే ముహూర్తం పోతది మామా."

"ఆపకుంటే పోగు తప్పుతది."

"మరి నన్నేం జెయ్యమంటవు?"

లారీ ఆగాలి, లారీ పోవాలి. రెండూ కావాలి. ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఊరికే నేశాడు.

పదకొండుకు పరేల్‌లో మళ్ళీ ఆగినప్పుడు వెనక్కి వాలి చూశాడు. అలవాటు. బట్ట చుట్టుకున్న కర్ర దగ్గర, ఒకచోట పేక రెండుసార్లు ఒకే దారిన పోయింది. దాదర్‌లో లారీ కుదిపినప్పటిది. అతని వేళ్ళు దానివైపు వెళ్ళాయి.

"ఏం జూస్తున్నవు?" అంది గంగుబాయి.

"ఏం లేదు. ఒక్క పోగు."

"చెయ్యి తియ్యి."

"జానెడే గద విప్పాలె."

"విప్పినవంటే లారీ దిగి ట్రామెక్కుత. సోలాపూర్‌ల దిగుత."

ట్రాము సోలాపూర్ పోదని అతనికి తెలుసు. ఆమె ఎక్కితే పోతుందేమో కూడా అనిపించింది. చెయ్యి తీశాడు. కాని ఆ పోగు వీపు మీద చీమలా ఉండిపోయింది.

వర్లి వైపు రైలు పట్టాల మీద ఒక వంతెన ఉంది. పదకొండూ నలభైకి లారీ దాని నడుమ నిలిచిపోయింది. ముందు ఒక తోపుడుబండి ఇరుసు విరిగి పత్తి బేళ్ళు దారికి అడ్డంగా దొర్లాయి. తెర మూడున్నర మూరలైంది. ఇంకా అర మూర, తెరను ముగించే ఎర్రచార మిగిలాయి. పెంటప్ప దిగి వెనక్కి వచ్చాడు. ఈసారి హారన్ కొట్టే ఓపిక కూడా అతనికి లేదు.

"ఇగ ఇది కదలదు మామా. కోసి ఇయ్యి, ఉరుకుత."

"ఎర్రచార పడకుంటే అది తెర గాదు. గుడ్డపీలిక. తల్లికి దుప్పటి, బిడ్డకు పీలికనా?"

"మూడున్నర మూరలు ఎవడు కొలుస్తడు?"

"నేను."

వంతెన అవతలి నుంచి రామచంద్రం పరుగున వచ్చాడు, వెంట ముగ్గురు చుట్టాలు. బావ కోసం పొద్దుటి నుంచి రోడ్డు మీదే తిరుగుతున్నారట. లారీ మీద మగ్గం, మగ్గం ముందు మనిషి కనిపించేసరికి రామచంద్రం టక్కున ఆగి రెండు చేతులూ నడుముకు పెట్టుకున్నాడు.

"బావా, మేం తెర అడిగినం. కార్ఖానా గాదు."

నలుగురూ మిల్లులో నేసేవాళ్ళే. మగ్గాన్ని ఎక్కడ పట్టుకోవాలో ఒకరు చెప్పనక్కరలేదు. మగ్గం దింపి భుజాలకెత్తారు. వెనక సిద్ధరాములు పడుగు కర్ర పట్టుకుని, దాని వెనక గంగుబాయి కండెల బుట్టతో. పత్తి బేళ్ళ మధ్య నుంచి, సైకిళ్ళ మధ్య నుంచి నడిచారు. వంతెన దిగాక ఎదురు దారిలో కాస్త కదులుతున్న బండ్లు వాళ్ళకోసం ఆగిపోయాయి. పసుపు రాసిన దేవుడి మగ్గాన్ని చూసి ట్రాములో ఒక ముసలామె చేతులు జోడించింది. నాలుగు గంటలు తనను ఆపిన ఊరిని సిద్ధరాములు కాసేపు ఆపాడు. అది చూసుకునే తీరిక అతనికి లేదు. పోగులు తెగకుండా చూసుకుంటున్నాడు.

చంద్రభాగ గడపలో నిలబడి ఉంది. అన్నను చూసింది. మగ్గాన్ని చూసింది.

"దుప్పటి లేదు గద?"

"లేదు."

"అయితే రా."

ఇల్లంటే ఒక్క గది. ఆ గదిలో చాళ్ళకు చాళ్ళే జనం ఉన్నారు. పీటల మీద యమున ఒకవైపు, పెండ్లికొడుకు ఒకవైపు. మగ్గం మోసుకుంటూ నలుగురూ నడిమికి రాగలిగారు. అంతే. వెనక మనుషులు మూసుకుపోయారు. ముందుకు పోవడానికి లేదు, దింపడానికి కింద చోటు లేదు.

సిద్ధరాములు ఒక ఉపాయం చేశాడు. కర్రకు చుట్టిన బట్టను వదులు చేసి, కర్ర నుంచి తప్పించి, కిందికి జారవిడిచాడు. భుజాల మీది మగ్గం నుంచి పసుపు తెర పిల్లకూ పిల్లగాడికీ మధ్య నేలదాకా వేలాడింది. చంద్రభాగ దాన్ని పై నుంచి కింది దాకా చూసింది. వంగి కింది అంచు సర్దింది. అన్నకు అంతే చాలనిపించింది.

"పెండ్లయినంక మగ్గం సోలాపూర్ తీస్కపోత," అన్నాడు మెల్లగా. "మిగిలింది నేసి పంపుత. ఒకచోట జర విప్పేది గూడ ఉంది."

పురోహితుడు మంత్రాలు నింపాదిగా చదివాడు. మగ్గం కింద రామచంద్రానికి చెమటలు కారుతున్నాయి.

"అయ్యగారూ, జర తొందర."

"ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలుంది."

"నా భుజానికి లేదు."

పన్నెండూ పదిహేడైంది. జీలకర్ర బెల్లం పెట్టించి పురోహితుడు తెర తీయమన్నాడు. ఎవరూ కదలలేదు. తెర మగ్గానికి ఉంది. మగ్గం నలుగురి భుజాల మీద ఉంది. ఆ నలుగురూ ఎటూ జరగలేరు. గదిలో కూడా బొంబాయే.

అందరూ సిద్ధరాములు వైపు చూశారు. పందొమ్మిదేళ్ళ కిందట కూడా ఇలాగే చూశారు. అప్పుడతను తల దించుకున్నాడు. ఇప్పుడు తల ఎత్తాడు, ఎందుకంటే పోగులు పైన ఉన్నాయి. చార పడని బట్టను అతను ఎన్నడూ కోయలేదు.

గంగుబాయి నడుముకు దోపుకున్న కత్తెర తీసింది. బీడీ ఆకు కోసే కత్తెర. ఆమె పెండ్లిళ్ళకు కూడా దాన్ని వదిలి రాదు. పిడి అతని వైపు తిప్పి అందించింది.

"తొందర లేదు," అంది. "అర నిమిషముంది."

అతను మునివేళ్ళ మీద లేచి పడుగుకు కత్తెర పెట్టాడు. పోగులు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగుతూ పోయాయి. తెర ఒక్కసారిగా కింద పడింది. యమున అవతలి మనిషిని చూసింది. అక్షింతలు పడ్డాయి, కొన్ని మగ్గం మీద.

తర్వాత పెండ్లి సందడిలో తెర ఎటు పోయిందో అతను చూసుకోలేదు. భోజనాల వేళకు చంద్రభాగ ఆ తెరను వెలుగుకు పట్టి, వేలితో తడుముతూ కనిపించింది. ఇంకెవరికీ కనిపించని తప్పు ఆమెకు కనిపించింది. ఎంతైనా అదే ఇంటి పిల్ల.

"అన్నా, ఈడ పోగు తప్పింది."

"అది దాదర్," అన్నాడు.

"ఈ అతుకులు?"

"పుణె దారి. గుంతలు." చెయ్యి చాపాడు. "ఇటియ్యి చెల్లె. తీస్కపోయి సాపు చేసి పంపుత."

చంద్రభాగ తెరను నాలుగు మడతలు పెట్టింది. పెట్టె తెరిచి అడుగున పెట్టింది. మూత వేసి దానిమీద కూర్చుంది.

"ముందుగాల బువ్వ తిను," అంది.