గొడుగు గుర్తు కేసెట్టు

నేను చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది. నాకు అక్షరాలు రావు. సంతకం ఒక్కటి చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను, అదీ ఆఖరి అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. మా అమ్మాయి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేస్తుంది. కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చి, టీ తాగి, కాగితాలు పట్టుకుని నా ముందు కూర్చుంటుంది. "నీ 'సూడు'ని 'చూడు' అని రాస్తానమ్మా" అంది. రాసుకో. కాని మీ నాన్నా నేనూ అనుకున్న మాటలు మాత్రం దిద్దకు అన్నాను. దిద్దితే అవి ఆయన మాటలు కావు.

ఒక్క మాట గురించే ఇదంతా. మా ఆయన పదిమందిలో నన్నొక మాట అన్నాడు. తప్పయిందని ఒక్కసారైనా అనకుండానే పోయేడని, ఆయన పోయిన రోజున నా ఏడుపులో సగం కోపమే.

మునగపాకలో మా ఆయన చుట్టాలింట్లో భోజనాలు. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. ఎవరిదో శుభలేఖ వచ్చింది, ఒకావిడ దాన్ని నా చేతిలో పెట్టి "ముహూర్తం ఎప్పుడో సదువమ్మా" అంది. పైన వినాయకుడి బొమ్మ ఉంది కాబట్టి తిరగేసి పట్టుకోలేదు, అంతవరకు నయం. పట్టుకుని చూస్తూ ఉన్నాను. అవతల మగాళ్ళ పంక్తిలోంచి మా ఆయన, "దానికెందుకిచ్చేరు, అది ఏలిముద్ర" అన్నాడు. అందరూ నవ్వేరు. ఆయనా నవ్వేడు. చిన్న పిల్లలు కూడా నవ్వేరు, వాళ్ళకేం అర్థమయిందో.

మాకు పోట్లాటలు కొత్త కాదు. చారులో ఉప్పు దగ్గరా పోట్లాటే, తలుపు గడియ దగ్గరా పోట్లాటే. ఎంత పెద్దదయినా ఆఖర్న నేనే "సర్లే, అన్నం తిను" అనేదాన్ని. దాంతో తీరిపోయేది. ఈ మాటకి మాత్రం నేను సర్లే అనలేదు. కంచం పెట్టేను, మంచినీళ్ళు పెట్టేను, నోరు మాత్రం విప్పలేదు. పది రోజులు.

ఆ పదో రోజునో మర్నాడో సాయంత్రం సైకిలు వెనకాల అట్టపెట్టె తాడుతో కట్టుకుని వచ్చేడు. అందులో వీడియో డెక్కు, మూడు సినిమా కేసెట్లు.

మా ఆయన బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేసేవాడు. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు విశాఖపట్నంలో ఒక సినిమా హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపేడు. అక్కడ ఆదివారం పొద్దుట ఆటకి పాతకాలం ఇంగ్లీషు బొమ్మలు వేసేవారట. నలుపూ తెలుపూ బొమ్మలు. మగాడూ ఆడదీ బొమ్మంతా తగువులాడుకోవడం, ఆఖర్న పెళ్ళి చేసుకోవడం. ఆ హాలీవుడ్డు పిచ్చి అక్కడ పట్టుకుంది. హార్బరు దగ్గర పాత సామాన్ల కొట్లలో, ఓడలవాళ్ళు అమ్ముకునే వాటిలో ఏరి ఏరి తెచ్చేవాడు. తుపాకీ ఉన్న బొమ్మ వద్దు, ఏడుపు బొమ్మ వద్దు, ప్రేమా నవ్వూ ఉంటేనే. ఆ దేశం కేసెట్టు మామూలు డెక్కులో వేస్తే గీతలు తప్ప ఏమీ రావు. టౌన్లో టీవీలు బాగుచేసే భాయ్ ఒకాయన ఉండేవాడు, మా ఆయనా ఆయనా బావా బావా అనుకునేవారు. అన్ని దేశాల కేసెట్లూ ఆడే డెక్కు ఆయనే వెతికి ఇచ్చేడు.

ఇంగ్లీషు బొమ్మంటే అప్పట్లో మనవాళ్ళకి తోచే అర్థం ఒకటే. మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీలు "ఏటి మావా, దొరసాన్లని ఇంట్లో పెట్టేవంట" అని ఏడిపించేవారు. మా అత్తగారయితే ఒకరోజు గుమ్మంలో నిలబడి బొమ్మ మొత్తం చూసింది. చూసి, "ఓలమ్మ, ఇందులో ఏటీ నేదు. అందరూ ఒంటినిండా గుడ్డలు కట్టుకుని అరుసుకోడవేనా" అని వెళ్ళి పడుకుంది.

కేసెట్ల మీద పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. తెలుగులో ఉంటే మాత్రం నాకేం వచ్చు. మార్కెట్లో ఎవరి బెల్లం దిమ్మలు వాళ్ళకి తెలియడానికి రంగుతో గుర్తు పెడతారు. మా ఆయన కూడా అలాగే నీలం రంగు తెచ్చి ఒక్కో కేసెట్టుకీ ఒక గుర్తు వేసేడు. టోపీ గుర్తు, కుక్క గుర్తు, రైలు గుర్తు, టెలిఫోను గుర్తు. ఎందుకు వేసేవని నేను అడగలేదు, ఫలానా అందుకని ఆయనా చెప్పలేదు. బీరువాలో పై అర నిండింది, కింద అర నిండింది, నేను ఏది కావాలంటే అది ఎవర్నీ అడక్కుండా తీసేదాన్ని.

అలా మాటలు కలిసేయి మాకు. కలవక చస్తాయా? అమ్మాయి ఆటలకో ట్యూషనుకో పోయిన వేళ చూసి వేసేవాడు. బొమ్మ ఆడుతుంటే ఆయన టీవీ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని అందరి మాటలూ తెలుగులో తనే చెప్పేవాడు. ఆడదానికి సన్న గొంతు, ముసలాడికి బొంగురు గొంతు.

"ఆ పిల్ల బాబుకి మూడు గానుగలున్నాయి. ఈడికి ఏటీ నేదు. అదీ తగువు."

"ఆళ్ళ దేశంలో గానుగలుంటాయేటి బావా?"

"ఉండవా? పంచదార ఆకాశంలోంచి పడుద్దా?"

"అయితే ఆళ్ళు సెరుకు ఎక్కడ కొడతారు, ఒక్క మడి కూడా సూపించడేం?"

"సెరుకు సూపిత్తే నువ్వు కట్టలెన్నని నెక్కెడతావు, కథ ఒగ్గెత్తావు. నోరు మూసుకుని సూడు."

ఆ బొమ్మల్లో మగాడు ఆడదాన్ని "హనీ" అనేవాడు. అదేటని అడిగేను. "బెల్లం" అన్నాడు.

"పెళ్ళాన్ని బెల్లం అంటారా?"

"ఆళ్ళంటారు."

"నువ్వనవేం?"

"పొద్దుటేల నుంచి దాన్నే కదే మోత్తన్నాను మార్కెట్లో. ఇంటికొచ్చి కూడానా?"

అంతే, ఎప్పుడూ అనలేదు. బొమ్మలో వాడి నోటంట మాత్రం రోజూ అనేవాడు.

అన్నిటిలోకీ గొడుగు గుర్తు కేసెట్టు ఎక్కువ సార్లు వేసేవాడు. అందులో కూడా పెద్ద విందు ఉంది, గాజు దీపాల కింద పొడుగు బల్ల. ఆ మగాడు అందరి ముందూ ఆవిడ మీద అరుస్తాడు. ఆవిడ కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోతుంది. ఆఖర్న వాన. వాడు గొడుగు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. అక్కడ మా ఆయన గొంతు మారేది. సన్న గొంతూ కాదు, బొంగురు గొంతూ కాదు, మామూలు గొంతుతో చెప్పేవాడు:

"అందర్లోనూ నిన్నన్న మాట నా నాలిక మీద ముల్లునాగ ఉండిపోయింది. తియ్యడం రాక ఉంచేసేను. తప్పు నాదేనే, బెల్లమా."

మొదటిసారి విన్నప్పుడే నా ఒళ్ళు మండింది. "సూడు బావా, ఆ తెల్లోడికున్న బుద్ది నీకు నేదు. ఎంత సక్కగా ఒప్పుకున్నాడో. నీకూ ఉంది నోరు" అన్నాను.

ఆయన కేసెట్టు వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్ళీ వేసేడు. మళ్ళీ అదే చెప్పేడు. నేను లేచి అన్నం వార్చడానికి వెళ్ళిపోయేను.

తర్వాత ఎన్నిసార్లు వేసినా నేను ఆ మాటే దెప్పేదాన్ని. "ఇంకెన్నిసార్లు ఏత్తావు గొడుగు బొమ్మ, నేర్చుకున్నది నేదు పెట్టింది నేదు." ఆయన నవ్వేవాడు. చుట్ట ముట్టించుకుని అరుగు మీదకి పోయేవాడు.

ఆ చుట్టే తినేసింది ఆయన్ని. గొంతులో పుండు. ఆపరేషను చేసి మాట వచ్చే పెట్టె తీసేసేరు. మెడ దగ్గర చిల్లులోంచి గాలి పీల్చుకునేవాడు. అమ్మాయి పలక కొని తెచ్చింది. ఏం కావాలన్నా దాని మీద రాస్తే అమ్మాయి చదివి చెప్పేది. అమ్మాయి డ్యూటీకి వెళ్ళిపోతే మా ఇద్దరి మధ్యా పలక ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అప్పుడు గుర్తులు వేసేవాడు. నీళ్ళకి గ్లాసు గుర్తు, గంజికి గిన్నె గుర్తు. ఫ్యానుకి మూడు రేకులు.

ఒక మధ్యాహ్నం గొడుగు గుర్తు కేసెట్టు చూపించేడు. వేసేను. ఇప్పుడు చెప్పేవాడు లేడు కదా, ముక్కాలి పీట నేను వేసుకుని కూర్చుని కథ నేనే చెప్పేను. మూడు గానుగలూ, తగువూ, విందూ అన్నీ. ఆయన నోట విని విని నాకు కంఠతా వచ్చేసింది. వాన వచ్చింది, గొడుగు వచ్చింది. నేను చెప్పేను. "అందర్లోనూ నిన్నన్న మాట నా నాలిక మీద ముల్లునాగ ఉండిపోయింది" అని మొత్తం, బెల్లమా దాకా.

తిరిగి చూస్తే ఆయన కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. టీవీ వైపు వేలు చూపించి, కాదు కాదని తల ఊపేడు. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. మళ్ళీ టీవీ, మళ్ళీ గుండె.

"నొప్పి వత్తందా? మాత్ర ఎయ్యనా?"

కాదన్నాడు. పలక తీసుకుని రాసేడు. పలక నిండా రాసి నా మొహం ముందు పెట్టేడు. నేనేం చెయ్యను? "అమ్మాయి వచ్చాక సూపించు" అన్నాను. ఆయన ఆ రాసినదాన్ని కాసేపు చూసుకుని అరిచేత్తో తుడిచేసేడు. అప్పుడు గుర్తు గీసేడు. ఒక గొడుగు, దాని కింద ఒక మగ మనిషి, ఒక ఆడ మనిషి. మగ మనిషి మీద వేలు పెట్టి, నా వైపు చూసేడు.

"ఆఁ, గొడుగు బొమ్మే కదా, అదే సూత్తన్నాం" అన్నాను.

ఆయన నవ్వేడు. నవ్వితే మెడ చిల్లులోంచి గాలి వచ్చింది, అంతే. పలక గోడకి ఆనించేసేడు. నేను మాత్ర తెచ్చి వేసేను, వద్దన్నా వినలేదు. నెల తిరక్కుండా పోయేడు.

అమ్మాయి ఇక్కడ రాయడం ఆపింది. రాయి, తల్లీ. ఇంకా ఉంది.

ఏడాది పాటు బీరువా తలుపు తియ్యలేదు. వానల తర్వాత తీస్తే కేసెట్లకి బూజు. పారేద్దామా అని అమ్మాయి అడిగింది. ఒక్క గొడుగు గుర్తుది మాత్రం చెంగులో చుట్టుకుని, డెక్కు ఆటోలో పెట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్ళేను. ఆయనా ముసలాడయిపోయేడు, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. డెక్కు చూసి, "బావ పోయినా దొరసాన్లు నన్ను వదల్లేదు చెల్లెమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. కేసెట్టు విప్పి, టేపు దూదితో తుడిచి, నీడలో ఆరబెట్టి, డెక్కులో బెల్టు మార్చి ఇచ్చేడు.

అమ్మాయికి సెలవు రోజు. అన్నాలు తిని వేసుకున్నాం. ఇంగ్లీషు వచ్చిన మనిషి పక్కనుంది, అసలు కథ ఏటో చెప్పమన్నాను. ఆ పిల్ల బాబుకి గానుగలు లేవట, పేపరు ఆఫీసట. హనీ అంటే తేనెట. మధ్య మధ్య అమ్మాయి నవ్వుతోంది, "నాన్న ఇలా చెప్పేవాడా?" అంటోంది. నేనూ నవ్వేను. విందు వచ్చింది. అరిచేడు, ఆవిడ వెళ్ళిపోయింది. అది మాత్రం మా ఆయన చెప్పినట్టే ఉంది.

వాన వచ్చింది. గొడుగు వచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఆడేటంతన్నాడు?"

"ఏం అనట్లేదమ్మా."

"అదేటి? చెప్తాడు కదా ఇక్కడ."

"మాటల్లేవు. మ్యూజిక్ వస్తోంది, అంతే. గొడుగు అడ్డం ఉంది, మొహాలు కూడా కనబడవు."

మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ వేసింది. నేను దగ్గరికి జరిగి చూసేను. నిజమే. గొడుగు వెనకవైపే కనిపిస్తుంది, దాని మీద వాన పడుతుంది, వయొలిన్లు వాయిస్తారు. ఇన్నేళ్ళూ నేను ఆ గొడుగునే చూస్తూ ఆయన గొంతు విన్నాను, వాడి నోరు కదిలిందో లేదో చూడనే లేదు.

"నాన్న ఇక్కడ ఏం చెప్పేవాడు?" అని అడిగింది అమ్మాయి. చెప్పేను. అంతా విని అది టీవీ సౌండు తగ్గించింది. తర్వాత మెల్లగా, "అమ్మా, ఆ మాట ఈ సినిమాలో ఎక్కడా లేదు. విందులో అరిచినందుకు అతను తప్పని ఎక్కడా ఒప్పుకోడు" అంది.

తెల్లోడికున్న బుద్ధి నీకు లేదన్నాను. ఎన్నిసార్లు అన్నాను. ఆయన తప్పు ఆయన ఒప్పుకుంటుంటే, నా పక్కనే కూర్చుని మామూలు గొంతుతో ఒప్పుకుంటుంటే, నేను వేరే వాడిని మెచ్చుకున్నాను. ఆఖరికి ఆ మాట ఆయనకే అప్పజెప్పి, గుండె చూపిస్తే మాత్ర మింగించేను. పలక మీద ఏం రాసేడో ఇప్పుడు నాకు ఎవరూ చదవక్కర్లేదు.

అమ్మాయిని టీ పెట్టమని వంటింట్లోకి పంపేను. డెక్కులో వెనక్కి తిప్పే మీట మీద కూడా ఆయన వేసిన నీలం గుర్తు ఉంది. తిప్పేను. వాన వచ్చింది, గొడుగు వచ్చింది. ఈసారి ఆయన మాట నేను చెప్పలేదు. ఆ చోటు వచ్చేదాకా ఆగి, నా మాట చెప్పేను.

"సర్లే బావా. అన్నం తిను."

వంటింట్లోంచి అమ్మాయి, "ఏమన్నావమ్మా?" అంది. గొడుగు మీద వాన పడుతూనే ఉంది. కాసేపటికి బొమ్మ అయిపోయి, కేసెట్టు తనంతట తాను వెనక్కి తిరగడం మొదలెట్టింది.