ఎడమకు తిరిగిన మెలి

నాకు మరుపు తక్కువ. ఎవరైనా మంచి చేసి ఉంటే వాళ్లే గుర్తుచేయాలి. నన్ను అన్న మాటలు మాత్రం ఎవరు, ఎక్కడ నిలబడి, ఏ చీర కట్టుకుని అన్నారో సహా నాలో ఉన్నాయి. వాటిలో మొదటిది మా మేనత్త అన్న మాట. ఆ రోజు ఆమె కట్టుకున్నది పసుపు చీర.

మాది ధర్మవరం. ఇంట్లో మగ్గం. ఒక పడుగు, అంటే నిలువు పోగులు, నేయడం అయిపోయాక, కొత్త పడుగు పోగుల్ని మగ్గం మీద మిగిలిన పాత కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. ముడి వేయకూడదు, వేస్తే మగ్గంలో ఇరుక్కుంటుంది. పట్టు జారుతుంది కాబట్టి వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పాలి. అంతే. చేయి తెలిసినవాళ్లు మాట్లాడుతూనే వరుసలు వరుసలు అతికేస్తారు. మా వీధిలో ఆ పనికి మా నాయన చెల్లెలే. ఎవరి ఇంట్లో పడుగు మారినా ఆమెకే కబురు.

నాకు పన్నెండేళ్లప్పుడు ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. నాది ఎడమచేతి వాటం. నేను అతికినవి నాయన నేతకు కూర్చోగానే ఒకటి తర్వాత ఒకటి ఊడాయి. ఇంటినిండా జనం.

"దీని చేతిలో నిలకడ లేదన్నా. ఎడమచేత్తో తిప్పితే పోగు నిలుస్తాదా? లేపు దీన్ని ఆడినుంచి," అంది అత్త.

లేచాను. అప్పటినుంచి ఎవరైనా నా చేతుల వైపు చూస్తే వేళ్లు వణుకుతాయి. ఈ వణుకు నాకు పుట్టుకతో రాలేదు. ఎక్కడినుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

పెళ్లై హిందూపురం వచ్చాక మా అత్తగారు ఇంకొకటి చేర్చింది. వచ్చిన ముత్తయిదువకు తాంబూలం ఎడమచేత్తో ఇవ్వబోయానని అందరి ముందూ నా చేతిని పక్కకు నెట్టింది. క్లినిక్‌లో చీట్లు రాసే ఉద్యోగం దొరికితే అక్కడ డాక్టరు, "ఎడమచేత్తో రాస్తే ఎవరికి అర్థమవుతుందమ్మా?" అన్నాడు. ఆయన రాసేది మందుల షాపువాళ్లకు కూడా అర్థం కాదు. ఆ మాట నేను అనలేదు, ఉద్యోగం కావాలి కాబట్టి.

బజారులో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడున్నాడు. ఒకసారి గడియారానికి సెల్లు వేయించుకోవడానికి పోతే, నా చేతిలోంచి రూపాయి తీసుకుని, పిడికిలి మూసి తెరిచాడు. లేదు. మళ్లీ మూసి తెరిచాడు. ఉంది. నా ముఖానికీ ఆ చేతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. నాకు ముచ్చట కాదు, భయం వేసింది. కండ్లు ఇంత దగ్గర్లో కూడా మోసపోతాయా అని. మరుసటి రోజు బాగున్న గడియారాన్నే పట్టుకుని మళ్లీ పోయాను.

నేను సంచి తెరవడం చూసి ఆయన, "ఎడమ వాటమా అమ్మా? అదృష్టవంతురాలివి," అన్నాడు.

ఎగతాళి అనుకుని ముఖం ముడుచుకున్నాను.

"నిజంగానే చెప్తాండా. మన జనం ఎడమచేత్తో ఇయ్యరు, తీసుకోరు. అందరి కండ్లూ కుడిచేతి మీదనే ఉంటాయి. నీ పనిచేసే చేయి యాడుందో ఎవురికీ పట్టదు."

నా చేతి గురించి నా జీవితంలో విన్న మొదటి మంచి మాట అది. అందుకే రెండేళ్లు ప్రతి ఆదివారం ఆ అంగడిలో ఒక స్టూలు మీద కూర్చున్నాను. నాణెం అరచేతి కండలో పట్టుకుని చేయి మామూలుగా వేలాడదీయడం, ఆ చేత్తోనే జుట్టు సర్దుకోవడం, నవ్వడం. ఇంట్లో దుప్పటి పరిచి దాని మీద సాధన చేసేదాన్ని, పడితే చప్పుడు కాకుండా. గాజులు చప్పుడు చేస్తున్నాయని ఎడమచేతికి ఒక్కటే ఉంచుకున్నాను. దానికీ మా అత్తగారు ఒక మాట అంది. అది కూడా నాలో ఉంది.

చాలామంది నన్ను అడుగుతారు, ఫోన్లో ఇంతకంటే పెద్ద మ్యాజిక్కులు వస్తాయి కదా అని. వస్తాయి. అక్కడ ఏనుగు మాయమైనా, "ఎడిటింగ్ అబ్బా," అని వేలితో పైకి నెట్టేస్తారు. నా ముందు కూర్చున్నవాళ్లు నెట్టలేరు. నాణెం వాళ్లదే. వాళ్ల ఊపిరి నా వేళ్లకు తగులుతుంటుంది. నాణెం పోయిన క్షణంలో ఎంత పెద్ద మనిషి ముఖమైనా చిన్నపిల్ల ముఖమైపోతుంది. ఆ ముఖం కోసమే ఇదంతా. కానీ అంత దగ్గర్లో ఉన్నవాళ్లు అనుకుంటే నా మణికట్టు పట్టుకోగలరు కూడా. పట్టుకుంటారేమో అనే భయం లేకుండా నేను ఒక్కసారీ చేయలేదు.

పెనుకొండలో ఒక పెళ్లికి మ్యాజిక్కు చూపమని పిలిస్తే, ఆ మండపంలో ఈ భయమే నన్ను దెబ్బతీసింది. ఎవరూ పట్టుకోలేదు, నేనే నాణెం పడేశాను. వరుడి తరఫువాళ్లు ఎనిమిది మంది చుట్టూ ఉన్నారు. ఎవరో నా ఎడమచేతిని చూసినట్టు అనిపించింది. చూశాడో లేదో తెలియదు. వేళ్లు వణికాయి. నాణెం రాతి గచ్చు మీద పడి దొర్లుకుంటూ ఒకాయన చెప్పు దగ్గర ఆగింది.

"ఏమ్మా, దుడ్డు పడిపాయ. తీసుకో," అన్నాడాయన, మర్యాదగానే. అందరూ నవ్వారు. వంగి తీసుకున్నాను. అత్త గొంతు వినబడింది: నిలకడ లేదు.

ఆ తర్వాత మూడు నెలలు నాణెం ముట్టలేదు.

పోయిన ఏడాది మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ల పాపకు మొదటి పుట్టినరోజు. "అక్కా, నువ్వేదో మ్యాజిక్కు చేస్తావంట కదా. వచ్చి ఒకటి చూపియ్యి." వస్తానన్నాను. ఏం చేయాలో ఆ నిమిషంలోనే నిర్ణయించుకున్నాను. పట్టుపోగు. నేను తెంచిన పోగు, వాళ్ల కండ్ల ముందే ఒకటై రావాలి. అదీ అత్త చేతిలోకి. ఆమె చేత్తో తడిమి, ఎక్కడా ఊడలేదని అందరి ముందూ ఒప్పుకోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆ పనికి వాడే రహస్యం చెప్పకూడదు గానీ, ఇంతవరకు చెప్పక తప్పదు: తెగని పోగు ఇంకొకటి ముందే నా చేతిలో దాగి ఉంటుంది. రంగు తేడా రాకూడదని వాళ్లింటి మగ్గం పట్టే కావాలన్నాను. అత్త కొడుకు ఎర్రది కాస్త పంపాడు.

గడియారాల పెద్దాయనకు చెబితే అద్దం కంటినుంచి తీసి పక్కన పెట్టాడు. "వద్దమ్మా. నాణెం చెయ్యి, ఉంగరం చెయ్యి. నేతగాళ్ల ముందర పోగు మాత్రం వద్దు. వాళ్లు కండ్లతో చూడరు, వేళ్లతో చూస్తారు."

నా మీద నమ్మకం లేదన్నమాట. సరే, ఆయన మాట కూడా జమ.

హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండ దాకా బాగానే ఉన్నాను. అక్కడ బండి ఆగగానే ఆ మండపం గుర్తొచ్చింది. ఒడిలో చేతి సంచి చాటున పోగు చుట్టడం, దాచడం, తీయడం చేస్తూనే ఉన్నాను. ఎడమచేయి తడిసిపోయింది. దిగి తిరుగు బండి ఎక్కేద్దామా అని రెండుసార్లు లేచాను. ఎదుటి సీటావిడ, "ధర్మవరం ఇంకా దూరముండాది, కూర్చో," అంది. కూర్చున్నాను.

భోజనాల ముందు హాల్లో చాప పరిచారు. తొమ్మిది మంది చుట్టూ కూర్చున్నారు, అందరూ నేతవాళ్లే. అత్త చివర్న వచ్చింది. పుట్టినరోజైనా లోపల పడుగు అతకడం ఆపలేదట. జుట్టు తెల్లబడింది, వంగింది. అయినా ఆమె నా ఎదురుగా చతికిలబడగానే నేను మళ్లీ పన్నెండేళ్ల పిల్లనైపోయాను.

"ఏమ్మే, గారడీ నేర్చినావంట?"

"చూడత్తా," అని పోగు చూపించాను. నా పద్ధతి ప్రకారం దాన్ని నేనే ముక్కలు చేయాలి. అత్త చేయి చాపింది.

"ఇట్లియ్యి. నేనే తెంచుతా."

లేదనలేకపోయాను. ఆమె పోగును రెండు వేళ్లతో ఒకసారి ఇటుచివరనుంచి అటుచివరకు నిమిరి, నడుమ పుటుక్కున తెంచి నా చేతిలో పెట్టింది.

అప్పుడు చూశాను. ఎర్ర పోగు పొడుగునా బూడిద. అత్త మగ్గం దగ్గరనుంచి లేచి నేరుగా వచ్చింది, చేతులు కడుక్కోలేదు. నా ఎడమచేతిలో దాగిన పోగు శుభ్రంగా మెరుస్తోంది. దాన్ని బయటికి తీస్తే అత్త దాకా అక్కర్లేదు, ఆ తొమ్మిది మందిలో ఎవరైనా చెప్పేస్తారు ఇది ఆ పోగు కాదని.

ముక్కల్ని ఎడమచేతిలోకి మార్చుకున్నాను. కుడిచేతిని పైకెత్తి ఏదో మాట్లాడుతున్నాను, ఏం మాట్లాడానో ఇప్పటికీ తెలియదు. అందరూ కుడిచేతినే చూస్తున్నారు. ఒడిలో ఎడమచేయి వణుకుతోంది. ఆ వణుకులోనే బొటనవేలు రెండు కొసల్ని వెతుక్కుంది. నేను చెప్పలేదు దానికి. కొసలు కలిశాయి. బూడిద ఉంది కాబట్టి పట్టు జారలేదు. ఒక్క మెలి.

పిడికిలి ఊది, పోగు కొస పట్టుకుని లాగాను. నిండుగా, ఒకటిగా, బూడిదతో సహా వచ్చింది.

"ఆ!" అన్నారు ఎవరో. "కుడిచేయి చూపియ్యి," అన్నాడొకాయన. చూపాను. ఎడమచేయి ఎవరూ అడగలేదు.

అత్త పోగు తీసుకుంది. కొసన గోరు ఆనించి మెల్లగా జరిపింది. సగం దాకా వచ్చింది. ఆగింది.

అక్కడే ఉంది అతుకు. నాకు తెలుసు, ఆమెకూ తెలిసింది. ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. ఇప్పుడు అంటుంది, ఇంటినిండా జనం ముందు, మళ్లీ.

ఆ చోటికి అటూ ఇటూ పట్టుకుని ఒకసారి లాగింది. ఇంకోసారి, గట్టిగా. తర్వాత పోగును వేలికి చుట్టుకుని లేచింది.

"ఏమి చూస్తాండారబ్బా? లేయండి, అన్నాలు చల్లారిపోతాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. పెరట్లో కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే అత్త వెనకనుంచి వచ్చి చేయి చాపింది.

"ఎడమచేతిలో ఉండేది కూడా ఇటియ్యి. పట్టు అది, పారేస్తావా ఏమి?"

ఇచ్చాను. చెమటకు ముద్దైపోయింది. ఆమె దాన్ని విప్పి చూసి రొంటిన దోపుకుంది.

"మెలి ఎడమకే తిప్పినావు, ఇంకా."

"నిలిచింది కదత్తా?"

అత్త కుళాయి కింద చేతులు పెట్టి కడుక్కుంది. బూడిద నీళ్లు కాలవలోకి పోయాయి.

"ఇప్పటికి నిలిచిండాది," అంది.

నిలిచింది అంటే సరిపోయేది. ఇన్నేళ్లు ఎదురుచూసినదాన్ని నేను, ఆమె ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఉంటే ఆమె సొమ్మేం పోయేది? 'ఇప్పటికి' అంది. అదీ రాసి పెట్టుకున్నాను. నేను అతికిన ఆ పోగును ఆమె దేవుడి పటం మేకుకు చుట్టి ఉంచిందని కొడుకు చెప్పాడు. ఎందుకు ఉంచిందో నేను అడగలేదు. వారానికి రెండుసార్లు నాణెం పట్టుకుని ఎవరి ముందో కూర్చుంటున్నాను, వేళ్లు ఇప్పటికీ వణుకుతాయి. కానీ ధర్మవరం నుంచి ఫోన్ మోగితే మాత్రం, పండగ కబురైనా పెళ్లి పిలుపైనా, ఎత్తే లోపల గుండె ఆగుతుంది. ఆ మెలి ఊడిందేమోనని.