లారీ మీద రాయించిన పేరు

పద్దెనిమిదేళ్ల వయసులో నాకు ఇంట్లో ఎవరి మాటా పడేది కాదు. నాన్న జుట్టు కత్తిరించుకోమంటే పెంచాను. డిగ్రీలో చేరమంటే లారీ తోలతానన్నాను, సరే ఎక్కమంటే డిగ్రీ చదువుతానన్నాను. అంత మొండివాణ్ని, ఎదురింటి అమ్మాయి ముందు మాత్రం నోరు తెరవలేకపోయేవాణ్ని. ఇంటర్ పాసైన ఆమె వారంలో విజయవాడ హాస్టల్‌కి వెళ్లిపోతోందని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. వాళ్లింట్లో ఉన్న ఒక్క ఫోను వాళ్ల నాన్న జేబులోంచి కదిలేది కాదు. ఈ లోపల నా మనసు ఆమెకు ఎలా తెలియాలి?

సరిగ్గా అప్పుడే మా లారీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం పెయింటింగ్ షెడ్డుకు వెళ్లింది. పిడుగురాళ్లలో సున్నపురాయి తోలే లారీలకు ముందు అద్దం పైన ఓనరు పిల్లల పేర్లు రాయిస్తారు. మా లారీ మీద అక్క పేరు, నా పేరు ఉండేవి. నేను షెడ్డుకు వెళ్లి, నా పేరు పక్కనే ఆమె పేరు కూడా రాయమన్నాను.

"ఎవర్రా ఈ పాప?" అన్నాడు పెయింటర్.

"మా ఇంటి మనిషే బాబాయ్, రాయి."

ఆ మాట అన్నందుకే నాకు ఒళ్లు గాల్లో తేలిపోయింది. పొద్దున ఆమె వాకిలి ఊడుస్తూ తలెత్తి చూస్తుంది, సిగ్గుపడుతుంది, ఇక నేను చెప్పాల్సింది ఏమీ ఉండదనుకున్నాను.

లారీ ఇంటికి రాగానే ముందు చూసింది మా అమ్మ.

"ఏందయ్యా ఇది? ఎవరీ పిల్ల?" అని నాన్న మీద బజారు అదిరేలా అరిచింది. పిల్లల పేర్ల వరసలో మూడో పేరు కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారో నా బుర్రకు అప్పటిదాకా తట్టలేదు. నాన్న బిక్కచచ్చిపోయాడు. "నాకేం తెలవదే, నీ మీద ఒట్టు!" అంటున్నాడు. జనం గుమిగూడారు. గత్యంతరం లేక అమ్మను లోపలికి లాక్కెళ్లి నిజం చెప్పాను. నాలుగు తగిలించింది. ఈ సంగతి బయటపడితే ఆ పిల్లను వాళ్ల నాన్న చదువు మాన్పిస్తాడని నెత్తి కొట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని బయటికెళ్లింది.

"పురిట్లోనే పోయిన మా చిన్నదానికి ఈయన మనసులో పెట్టుకున్న పేరంట. నాకూ ఇప్పుడే తెలిసింది," అంది.

మేం ఈపూరు నుంచి ఈ ఊరికి వచ్చి ఏడాదే కాబట్టి అందరూ నమ్మారు. నాన్న ఏమీ అర్థం కాక తలొంచుకుని నిలబడ్డాడు. అది కూడా దుఃఖమే అనుకున్నారు.

ఆమె వెళ్లే రోజు బస్టాండుకు పరిగెత్తాను. వాళ్ల నాన్న నీళ్ల సీసా కోసం కొట్టుకు వెళ్లాడు. నాకు దొరికింది ఆ కాసేపే.

"నీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

"నాకు తెలుసు," అంది. ఆమె కళ్లలో నీళ్లు. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

"మీ అమ్మ చెప్పింది. నాదీ అదే పేరు గదా, మీ లారీ పోతా ఉంటే నాకు చానా ఏడుపొస్తంది. చెల్లి లేదని బాధపడమాక అన్నయ్యా. నేను లేనా?"

వాళ్ల నాన్న అప్పటికే పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు నిజం చెబితే ఆమె ఆ బస్సు ఎక్కదు.

"ఉన్నావులే, చెల్లెమ్మా," అన్నాను. ప్రాణం పోయినట్టయింది.

వాళ్ల నాన్న నా భుజం తట్టాడు. "ఆ సూట్‌కేసు కాస్త పైకెక్కియ్యి నాయనా," అన్నాడు.

ఎక్కించాను.