ఒంటి మీద ఏమీ లేదండి

కరోనా రెండో విడత తగ్గి ఆఫీసులు పూర్తిగా తెరుచుకున్న తరువాతి మాఘమాసంలో నన్ను జగ్గయ్యపేట దగ్గర ఒక కంపెనీకి రెసిడెంట్ ఇంజినీరుగా వేశారు. రెసిడెంట్ ఇంజినీరంటే మా అంతరిక్ష సంస్థ తరఫున సరఫరాదారు దగ్గరే కూర్చుని, అక్కడ తయారయ్యే ప్రతి ముక్కా మా కొలతలకు సరిపోయిందో లేదో చూసే మనిషి. హోదాకి సీనియర్ సైంటిస్టునే గాని, పని మాత్రం అత్తగారి పని. ఏది చూపించినా వంక పెట్టాలి. నందిగామలో ఒక గది అద్దెకు తీసుకుని రోజూ హైవే మీద కారులో వెళ్లి వచ్చేదాన్ని. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది.

జగ్గయ్యపేటలో స్పేస్ సూటేమిటని మా బంధువులు నవ్వారు. నవ్వడానికేమీ లేదు. కంపెనీ యజమాని సుబ్బారావు గారి నాన్నగారు సిమెంటు లారీలకు టార్పాలిన్లు అమ్మేవారు. కొడుకు ఆ గుడ్డకు తనే రబ్బరు పూత వేయడం మొదలుపెట్టి, వేసి వేసి, గాలి బుడగ కూడా దాటని పూత వేయగలిగే స్థితికి వచ్చారు. మాకు కావలసింది సరిగ్గా అదే.

స్పేస్ సూటును చాలామంది మందపాటి కోటు అనుకుంటారు. అది మనిషి ఆకారంలో ఉన్న గాలి సంచి. ఒంటిని అంటి పలచటి నూలు బనీను, దాని మీద సన్నటి నీటి గొట్టాలు కుట్టిన చల్లదనపు బనీను ఉంటాయి. ఆ పైన వచ్చేది గాలిని పట్టి ఉంచే పొర. దాన్ని మేము బ్లాడరు అంటాం. అది బుడగలా ఉబ్బకుండా దాని మీద గట్టి నేత గుడ్డ తొడుగుతాం. సైకిలు చక్రంలో ట్యూబు, టైరు లాంటివే ఈ రెండూ. ట్యూబుకు చిల్లు పడితే టైరు ఎంత గట్టిదైనా లాభం లేదు. చక్రమైతే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు, అంతరిక్షంలో రోడ్డు పక్కంటూ ఉండదు.

అందుకే సూటు హాల్లోకి లోహపు వస్తువేదీ రాకూడదు. గుమ్మం దగ్గర నిబంధన అతికించి ఉండేది. దాన్ని రాసింది మా ప్రధాన కార్యాలయం. ఉంగరాలు, గాజులు, చెవిదిద్దులు, ముక్కుపుడక, మెట్టెలు, జడ పిన్నులు, పుస్తెలతాడు తీసి లాకరులో పెట్టి లోపలికి రావాలి. మగవాళ్లకు మాత్రం వాచీ, ఉంగరం, వగైరా అని ఉండేది. ఇరవై ఏళ్ల కిందట ప్రధాన కార్యాలయంలో మొదటిసారి పుస్తెలు తీశాను. మా అత్తగారికి ఆ సంగతి ఆవిడ పోయేదాకా చెప్పలేదు. తరువాత అలవాటైపోయింది. పొద్దున తీయడం, సాయంత్రం వేసుకోవడం, చెప్పులు విడిచి తొడుక్కున్నట్టే.

మేము తయారు చేస్తున్న నమూనా సూటు సైదులు కొలతలకు కోసింది. సైదులు కంపెనీలోనే సూపర్‌వైజరు, గరికపాడు కుర్రాడు. వయసు ముప్ఫై లోపు, కబడ్డీ ఆడిన ఒళ్లు. వ్యోమగామికి ఉండవలసిన కొలతలు అచ్చంగా అతనికి ఉన్నాయని మా వాళ్లు ఎంపిక చేసి, శిక్షణ ఇప్పించారు. ఇక్కడ నేల మీద పరీక్షలన్నీ నెగ్గితే, ప్రధాన కార్యాలయంలో గాలి మొత్తం తోడేసిన శూన్యపు గదిలో ఆ సూటుతో నిలబడేది అతనే. ఆ మాట చెప్పుకోవడానికి అతనికి ఎంత మోజంటే, హైవే మీద ధాబా వాళ్లకు కూడా తెలుసు.

నేల మీద చివరి పరీక్ష శూన్యానికి నకలు. సూటు లోపల గాలిని బయటి గాలి కంటే ఎక్కువ ఒత్తిడితో నింపితే, శూన్యంలో ఎంత బిగుసుకుంటుందో ఇక్కడా అంతే బిగుసుకుంటుంది. అప్పుడు మనిషి వంగాలి, గొంతుక్కూర్చోవాలి, మెట్టెక్కాలి. సూటు తొడిగే ముందు ముగ్గురు నిర్ధారించాలి. తొడుక్కునే మనిషి ‘ఒంటి మీద ఏమీ లేదండి’ అని చెప్పాలి. తొడిగించే టెక్నీషియను రఫీ అవునని చెప్పాలి. మా డాక్టరు ప్రసాద్ చూసి సరేననాలి. ఇదంతా తెర వెనక మగవాళ్ల మధ్య జరిగే పని. నేను తెరకు ఇవతల మీటర్ల దగ్గర ఉండేదాన్ని. ఆ రోజూ మూడు గొంతులూ విన్నాను. మూడింటిలోనూ సందేహమన్నది లేదు.

గుంజీలు మొదలయ్యాయి. బిగుసుకున్న సూటులో వంగడమంటే మాటలు కాదు, ఒక్కొక్క గుంజీకి మనిషి చెమటతో తడిసిపోతాడు. తీసేవాడు పైకి లెక్క చెబుతూ ఉండాలని మా పద్ధతి. ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి అది ఉపాయం. సైదులు గొంతు స్పీకరులో ఖణీమని వినిపిస్తోంది. తొమ్మిది అన్నాడు. పది రాలేదు. దానికి బదులు గుడ్డ చిరిగిన చప్పుడు, దాని వెంటనే బుస్సుమని గాలి. మీటరు ముల్లు నా కళ్ల ముందే పడిపోయింది. సూటు నడుం దగ్గర కుంగి, మనిషి మోకాళ్ల మీదికి వచ్చి పక్కకు ఒరిగాడు.

 ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇలాంటప్పుడు ఏం చేయాలో ఎన్నోసార్లు సాధన చేసినదాన్ని, బొమ్మలా నిలబడిపోయాను. రఫీ పరుగెత్తి హెల్మెట్ తిప్పి లాగేశాడు. సైదులు కళ్లు తెరిచే ఉన్నాయి, ముక్కులోంచీ ఎడమ చెవిలోంచీ రక్తం కారుతోంది. లెక్క చెబుతూ ఊపిరి వదులుతున్నాడు కాబట్టి బతికాడని, బిగబట్టి ఉంటే ఊపిరితిత్తి చిట్లేదని డాక్టరు తరువాత చెప్పాడు. డాక్టరు, రఫీ అతన్ని కారులో నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్లారు.

నేను సూటు దగ్గర ఉండిపోయాను. బ్లాడరును రెండు గుడ్డలు కలిపి వేడితో అతికిస్తారు. అతుకే విడిపోయిందనుకున్నాను. సుబ్బారావు గారు కూడా అదే అనుకున్నట్టున్నారు. తీరా చూస్తే అతుకు చెక్కు చెదరలేదు. దానికి బెత్తెడు దూరంలో, నడుం మడత పడే చోట, గుడ్డ నిలువునా చిరిగి ఉంది. అంచు దగ్గర లోపలి వైపు పూత గీసుకుపోయింది. లోపలి వైపు! లోపల మనిషి ఒళ్లు తప్ప ఏముంది? నీటి గొట్టాలు మెత్తనివి, బనీను నూలుది. తొడుగులన్నీ తిరగేసి తడిమాం, దువ్వెన పెట్టి దువ్వినట్టు వెతికాం. ఏమీ దొరకలేదు.  కారణం తెలియని చిరుగుతో శూన్యపు గదికి వెళితే అక్కడ లెక్క చెబుతున్నా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. కొన్ని సెకన్లలో మనిషి స్పృహ పోతుంది, తలుపు తెరిచేలోగా ప్రాణమే పోతుంది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. ఎడమ కర్ణభేరి చిరిగిందని, మందులతో మానుతుందని చెప్పారు. మంచం పక్కన సైదులు వాళ్లమ్మ కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే తిడుతుందనుకుని సిద్ధపడ్డాను. ఆవిడ తిట్టలేదు. కొడుకు చొక్కా పైకెత్తి, లుంగీ అంచు కాస్త కిందికి జరిపి, మొలతాడుకు వేలాడుతున్న రాగి తాయెత్తును కళ్లకు అద్దుకుంది.

“ఇదేనమ్మా నా కొడుకుని కాపాడింది. ముగ్గురు పోయాక పుట్టాడు, దర్గాలో సైదులు బాబాకి మొక్కుకుంటే. ఆయన పేరే పెట్టుకున్నా. పుట్టినకాడి నుంచి ఒక్కరోజు తీయలా.”

తల ఆడించబోయి ఆగిపోయాను. తాయెత్తు కొస మూత అతుకూడి పైకి లేచి ఉంది, రేకు డబ్బా మూతలా పదునుగా. ఆ పదునులో నీలంగా ఏదో ఇరుక్కుని ఉంది. కళ్లజోడు సర్దుకుని బాగా వంగాను. పరాయి మగవాడి నడుం మీదికి అలా వంగుతున్నానన్న ధ్యాస కూడా లేదు. దండం పెట్టుకోమ్మా, నీకూ మంచిదే అంటోంది ఆవిడ. నీలం పూత తునక. మా బ్లాడరు రంగు. వంగినప్పుడల్లా బనీన్లు పైకి ఎగబాకి, తాయెత్తు నేరుగా పూతకు గీసుకుని ఉంటుంది.

 చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికాం.

వరండాలోకి వచ్చి డాక్టరు ప్రసాద్‌ని, ఒంటి మీద ఏమీ లేదని ఎలా చెప్పారని అడిగాను. లేదండి, నేను చూశానుగా, అన్నాడు. మొలతాడో అన్నాను. అతను నావైపు వింతగా చూశాడు. “అది... మొలతాడు కదండీ,” అన్నాడు. అంటుండగానే అతని చెయ్యి దానంతట అదే తన నడుం మీదికి వెళ్లింది. చెయ్యి ఎక్కడికి వెళ్లిందో చూసుకుని గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. పక్కనే ఉన్న రఫీ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. దండకు తాయెత్తు ఉంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చదువుకున్నవాళ్లు, బాధ్యత తెలిసినవాళ్లు, ముగ్గురూ దాన్ని కళ్లారా చూశారు, ముగ్గురికీ అది కనిపించలేదు. 

నాలుగు రోజులకు ప్రధాన కార్యాలయం నుంచి విచారణ కమిటీ వచ్చింది. తునక చూశారు, చిరుగుతో పోల్చారు, ఒప్పుకున్నారు. మొలతాడు తీయాలని నిబంధనలో రాయమన్నప్పుడు మాత్రం వెనకాడారు. ఇది సెంటిమెంటు విషయమని, పోయినవాళ్లకే మొలతాడు తెంపుతారని, బతికున్నవాణ్ని తీయమంటే బాగుండదని కమిటీ పెద్దాయన మెల్లగా అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఇలాంటి గుమ్మాల దగ్గర పుస్తెలు తీస్తున్నాను, ఆ సెంటిమెంటు ఇన్నాళ్లూ ఎవరికీ గుర్తు రాలేదేమండీ అన్నాను. గట్టిగానే అన్నాను. మొగుడు బతికుండగా పుస్తెలు తీయడం ఏమిటో అక్కడున్న వాళ్లెవరికీ తెలియనిది కాదు. పెద్దాయన కలం తీసి మొలతాడు అని రాసుకున్నారు.

నిబంధన మారింది. కాని సైదులు మారాలి కదా. సుబ్బారావు గారు సూటుకు కొత్త బ్లాడరు వేయించారు గాని, అది అతని కొలతలది, ఇంకొకరికి పట్టదు. చెవి మానాక అతను నా దగ్గరికి వచ్చాడు. శూన్యపు గదికి వెళ్లాలని ఉంది, మొలతాడు తీయాలంటే భయంగా ఉంది. రెండూ దాచుకోలేదు.

“తీస్తే ఏమన్నా అవుద్దాండీ?” అని అడిగాడు.

“నేను రోజూ పుస్తెలు తీసి లాకరులో మేకుకు తగిలిస్తా సైదులూ. మా ఆయన ఇవాళ పొద్దున కూడా ఫోన్ చేసి ఉప్మాలో ఉప్పెంతెయ్యాలని అడిగాడు,” అన్నాను.

నవ్వాడు గాని, అమ్మకు మీరే చెప్పాలన్నాడు. గరికపాడు వెళ్లి చెప్పాను. ఆవిడ నమ్మిన దేవుడి మీద నేరం మోపుతున్నట్టుంది నాకు. నీలం తునక సంగతి, చిరుగు సంగతి దాచకుండా చెప్పాను.  ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతా విన్నది.

“కాపాడదామనే ఉండుద్దమ్మా. ఆ సూటు సంగతి దానికి తెలవదుగా,” అంది.

ప్రధాన కార్యాలయానికి బయలుదేరే రోజున ఆవిడ కంపెనీ గేటు దగ్గరికి వచ్చింది. సుబ్బారావు గారి గుమాస్తా, ముడి బిగుసుకుపోయి ఉంటుందని కత్తెర తెచ్చాడు. ఆవిడ ఆ కత్తెర వంక చూసిన చూపుకు అతను వెనక్కి తగ్గాడు. సెక్యూరిటీ గది చాటున కొడుకును నిలబెట్టి, ఏళ్ల తరబడి చెమటకు బిగుసుకున్న ముడిని గోళ్లతో, పళ్లతో తనే విప్పింది. చాలాసేపు పట్టింది. కారు హారను కొట్టినా ఎవరూ కదలలేదు. విప్పిన తాడును తాయెత్తుతో సహా నా చేతిలో పెట్టింది.

“తెంపలా, విప్పా. మళ్లీ నా చేత్తోనే కడతా. మనిషిని తీసుకురండి,” అంది.

అక్కడ నేల మీద పరీక్ష మళ్లీ నెగ్గాక, శూన్యపు గది పరీక్ష రోజున డాక్టరు ప్రసాద్ ముందుగా తన మొలతాడు తీసి లాకరులో పెట్టాడు. నా పుస్తెల పక్క మేకుకు సైదులు తాడు తగిలించాను. తెర వెనక నుంచి ఒంటి మీద ఏమీ లేదండి అన్న మాట వినిపించింది. రఫీ ఆ మాటతో ఊరుకోకుండా నడుం చుట్టూ, దండల చుట్టూ, మెడ చుట్టూ చేత్తో తడిమి, ఆ తరువాతే అవునన్నాడు. గాలి తోడేసిన గదిలో సైదులు గుంజీలు అన్నీ తీశాడు. ప్రతి అంకె విన్నాను. మేకు మీది తాడు తీసుకెళ్లి వాళ్లమ్మ చేతికే ఇచ్చాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. మనిషి తన ఒంట్లో భాగమనుకున్న దాన్ని వస్తువుగా లెక్క చెప్పడు. కాబట్టి మాట నమ్మినా, చేత్తో తడిమి చూడాలి. దేన్ని తడమాలో పేరు పెట్టి రాయాలి. ఆడవాళ్ల ఒంటి మీది ప్రతిదానికీ పేరు రాసినవాళ్లు తమ దగ్గరికి వచ్చేసరికి వగైరా అని ఊరుకున్నారు. ఒక మనిషి ప్రాణం ఆ వగైరాలో పోబోయి కొద్దిలో దక్కింది. ఇప్పుడు ఆ నిబంధనలో వగైరా లేదు.